చెవికి అందే బటన్

కంప్యూటర్ తెరమీది బటన్ చూపున్న మనిషికి మూడు సంగతులు ఒకేసారి చెబుతుంది. చుట్టూ గీతో నిండు రంగో ఉండటం వల్ల అది నొక్కవలసిన వస్తువని, దానిమీది మాటనో గుర్తునో బట్టి నొక్కితే జరిగే పని ఫలానా అని, నొక్కిన వెంటనే తెరలో కలిగే మార్పును బట్టి ఆ పని జరిగిందని రెప్పపాటులో తెలిసిపోతుంది. తెరను చూడలేక, తెరమీది సమాచారాన్ని మాటలుగా వినిపించే స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడేవారికి ఈ మూడింటిలో ఏదీ దానంతటదే అందదు. ఆ తెరను తయారుచేసినవారు వాటిని మాటల్లో రాసి, వినడానికి తగిన వరుసలో పెట్టినప్పుడే అందుతుంది. లెక్కలను, చార్టులను ఒకచోట చేర్చి చూపే డేటా నివేదికల్లో ఈ పనికి మరింత శ్రద్ధ కావాలి. మామూలు దరఖాస్తు ఫారంలో బటన్ నొక్కితే తర్వాతి పేజీ తెరుచుకుంటుంది కాబట్టి మార్పు తెలుస్తుంది. నివేదికలో నొక్కే చోటు ఒక మూల, ఫలితం కనిపించే చోటు మరొక మూల, ఆ రెండింటి మధ్య చిన్న చప్పుడైనా ఉండదు.

పట్టిక నుంచి డ్యాష్‌బోర్డు దాకా

ఒకప్పుడు కార్యాలయాల్లో నివేదిక అంటే అచ్చువేసిన పట్టిక. చదివేవారు దాన్ని చదవడమే తప్ప ప్రశ్నించేందుకు వీలుండేది కాదు. టాబ్లో, 2015లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన పవర్ బీఐ వంటి ఉపకరణాలు వచ్చాక నివేదిక రూపం మారి, ఒకే తెరమీద పలు చార్టులు, అంకెల పెట్టెలు, వాటిని వడగట్టే ఎంపికలు ఉండే డ్యాష్‌బోర్డు వాడుకలోకి వచ్చింది. తెలంగాణలోని 33 జిల్లాల వరి దిగుబడిని చూపే నివేదిక ఒకటి ఉందనుకుంటే, అందులో జిల్లాను ఎంచుకోవడానికి ఒక ఎంపిక, వానాకాలం నుంచి యాసంగికి మారడానికి ఒక బటన్, చార్టు బదులు పట్టిక చూపడానికి మరొకటి, ఎంపికలన్నీ తొలగించి మొదటి స్థితికి తేవడానికి ఇంకొకటి, వివరాల పేజీకి వెళ్లడానికి వేరొకటి ఉంటాయి. ఇలాంటి నివేదికలో బటన్ అలంకారం కాదు, చదివేవారు నివేదికను అడిగే ప్రశ్నే బటన్ రూపంలో ఉంటుంది. బటన్ అందనివారికి నివేదిక తెరుచుకున్నప్పుడు కనబడే మొదటి జవాబు మాత్రమే మిగులుతుంది.

ఈ లోటు పాఠకులకే పరిమితం కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు 4 శాతం రిజర్వేషన్ కల్పించి, అందులో 1 శాతాన్ని అంధులకు, చూపు బాగా తగ్గినవారికి కేటాయించింది. అలా ఉద్యోగంలో చేరినవారి చేతికి వచ్చే రోజువారీ పనిలో డ్యాష్‌బోర్డులు కూడా ఉంటాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపు లోపం ఉన్నవారు సుమారు 50 లక్షల మంది కాగా, వారిలో చదువుకుని కంప్యూటర్ మీద పనిచేసే ప్రతి ఒక్కరికీ నివేదికలోని బటన్ పలకకపోవడం ఉద్యోగంలో ఎదురయ్యే అడ్డంకే అవుతుంది.

స్క్రీన్ రీడర్ ఏమి చదువుతుంది

స్క్రీన్ రీడర్ తెరమీది బొమ్మను చూసి వర్ణిస్తుందని చాలామంది అనుకుంటారు గాని, అది ప్రధానంగా చదివేది బొమ్మను కాదు. బ్రౌజరు గాని, మరో ప్రోగ్రాం గాని తన తెరమీది వస్తువుల జాబితాను ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందజేస్తుంది; ఆ జాబితాలో ప్రతి వస్తువుకూ ఒక పేరు, అది బటనా, లింకా, పట్టికా అని తెలిపే పాత్ర, నొక్కి ఉందా, పనిచేయని స్థితిలో ఉందా అని తెలిపే స్థితి నమోదై ఉంటాయి. స్క్రీన్ రీడర్ ఆ జాబితానే చదివి, మాటగానో, చేతివేళ్లకు తగిలే బ్రెయిలీ చుక్కలుగానో అందిస్తుంది. అంటే తెరమీద ఎంత అందంగా గీసిన బటనైనా ఈ జాబితాలో పేరు లేకపోతే వినేవారికి "బటన్" అన్న ఒక్క మాటే వినబడుతుంది, పాత్ర కూడా లేకపోతే అది బటన్ అన్న సంగతే తెలియదు.

ఈ తరహా సాఫ్ట్‌వేర్‌కు నాలుగు దశాబ్దాల చరిత్ర ఉంది. ఐబీఎంలో జిమ్ థాచర్ రూపొందించిన స్క్రీన్ రీడర్ 1980లలో డాస్ కంప్యూటర్లకు వచ్చింది. రోడ్డు ప్రమాదంలో చూపు కోల్పోయిన ఇంజనీరు టెడ్ హెంటర్ స్థాపించిన సంస్థ నుంచి 1989లో జాస్ వెలువడి, ఉద్యోగస్థులలో విస్తారంగా వాడుకలోకి వచ్చింది. దాని ధర భరించలేనివారి కోసం ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ అనే అంధ యువకుడు 2006లో ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ రాయడం మొదలుపెట్టాడు. ఎవరైనా వెల లేకుండా దించుకోగలిగిన ఆ సాఫ్ట్‌వేర్ భారతదేశం వంటి దేశాల్లోని విద్యార్థులకు పెద్ద ఆసరా అయింది. యాపిల్ పరికరాల్లో వాయిస్ ఓవర్, ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్, విండోస్‌లో నేరేటర్ ఇదే పనిని పరికరంతోపాటే అందిస్తున్నాయి.

వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ అనే అంతర్జాతీయ సంస్థ అందుబాటు మార్గదర్శకాలను 1999లో తొలిసారి, తర్వాత 2008లో, 2018లో, 2023లో సవరించిన కూర్పులుగా వెలువరించింది. డబ్ల్యూసీఏజీ అని పిలిచే ఈ మార్గదర్శకాల్లో 4.1.2 అనే నియమం కోరేది పైన చెప్పిన మూడింటినే: తెరమీద పనిచేయించదగిన ప్రతి వస్తువుకూ పేరు, పాత్ర, స్థితి సాఫ్ట్‌వేర్‌కు తెలిసేలా ఉండాలి. డేటా నివేదికల బటన్లలో ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఈ మూడింటిలో ఏదో ఒకటి లోపించడం వల్లే పుడతాయి.

పేరు పెట్టడం

నివేదికల్లో బటన్లకు బదులు చిన్న గుర్తులు పెట్టడం ఆనవాయితీ అయింది. వడగట్టడానికి గరాటు బొమ్మ, మొదటికి తేవడానికి వంకర బాణం, జాబితా తెరవడానికి మూడు అడ్డగీతలు, వివరణకు గుండ్రంలో ఐ అక్షరం కంటికి పరిచయమైనవే కాని, వాటికి పేరు రాయకపోతే చెవికి మౌనమే మిగులుతుంది, కొన్నిచోట్ల ఆ బొమ్మను దాచిన ఫైలు పేరు అంకెలతో సహా వినబడుతుంది. ఈ పేరునే బొమ్మల విషయంలో ఆల్ట్ టెక్స్ట్ అంటారు. బొమ్మకు బదులుగా వినిపించే మాటలని దాని అర్థం. పవర్ బీఐలో ప్రతి బటన్‌కూ, చార్టుకూ ఆల్ట్ టెక్స్ట్ రాసే పెట్టె ఫార్మాట్ భాగంలో ఉంటుంది, అందులో 250 అక్షరాల వరకు రాయవచ్చు.

ఆ పెట్టెలో ఏమి రాయాలన్నదే అసలు ప్రశ్న. గరాటు బొమ్మకు "గరాటు" అని రాస్తే రూపం తెలుస్తుంది, పని తెలియదు. "జిల్లాల ఎంపిక తెరువు" అని రాస్తే పని తెలుస్తుంది. పేరులో "బటన్" అన్న మాట చేర్చడం మరో సాధారణ పొరపాటు. పాత్రను స్క్రీన్ రీడరే తనంతట చెబుతుంది కాబట్టి అలా చేర్చితే "పట్టిక చూపు బటన్, బటన్" అని రెండుసార్లు వినబడుతుంది. ఒక పేజీలో అయిదు చార్టులుండి, ప్రతిదాని కింద "వివరాలు" అన్న ఒకే మాట ఉంటే చూపున్నవారికి ఏ వివరాలో స్థానాన్ని బట్టి తెలుస్తుంది గాని, వినేవారికి ఆ స్థానం లేదు. ఎన్‌వీడీఏలో ఇన్‌సర్ట్, ఎఫ్7 మీటలు కలిపి నొక్కి బటన్లను ఎంచుకుంటే పేజీలోని బటన్లన్నీ ఒక జాబితాగా వస్తాయి. "వివరాలు" అని అయిదుసార్లు వినిపించే జాబితా ఎవరికీ దారి చూపదు. "దిగుబడి వివరాలు", "విస్తీర్ణం వివరాలు", "కొనుగోళ్ల వివరాలు" అని వేరుచేసి రాస్తే అదే జాబితా విషయసూచికలా పనిచేస్తుంది.

ఇక్కడ తెలుగు వాక్యనిర్మాణం రాసేవారికి సాయపడుతుంది. స్క్రీన్ రీడర్ వాడేవారు మొదటి మాట వినగానే తమకు కావలసింది కాకపోతే తర్వాతి వస్తువుకు దాటిపోతారు కాబట్టి, ఒక బటన్‌ను మరొక బటన్ నుంచి వేరుచేసే మాట ముందుండటం మేలు. తెలుగులో క్రియ చివర వస్తుంది గనుక "నల్లగొండ పట్టిక చూపు", "నిజామాబాద్ పట్టిక చూపు" అన్న సహజమైన వరుసలోనే వేరుచేసే మాట ముందుకు వస్తుంది. "చూడండి: నల్లగొండ పట్టిక" అని క్రియను ముందుకు లాగి రాసినప్పుడు, ప్రతి బటన్ దగ్గరా వినేవారు ఒకే మాటను మళ్లీ మళ్లీ విని ఆగవలసి వస్తుంది.

బటన్ మీద కంటికి కనిపించే మాటలు ఉన్నప్పుడు స్క్రీన్ రీడర్‌కు ఇచ్చే పేరులోనూ ఆ మాటలే ఉండాలని 2018 నాటి మార్గదర్శకాలు చేర్చాయి. చేతులు ఆడనివారు కొందరు కంప్యూటర్‌తో గొంతుతో మాట్లాడి పని చేయించుకుంటారు. తెరమీద "ఎగుమతి" అని కనిపిస్తూ లోపలి పేరు "డౌన్‌లోడ్" అని ఉంటే, వారు "ఎగుమతి నొక్కు" అని చెప్పినా కంప్యూటర్‌కు అలాంటి బటన్ దొరకదు.

పాత్ర, మీటలు, వరుస

వెబ్ పేజీలను రాసే హెచ్‌టీఎంఎల్ భాషలో బటన్ అనే ట్యాగ్ ఒకటి ఉంది. దానితో తయారైన బటన్‌కు పాత్ర పుట్టుకతోనే వస్తుంది, ట్యాబ్ మీటతో దాన్ని చేరుకోవచ్చు, ఎంటర్ గాని స్పేస్ గాని నొక్కి పనిచేయించవచ్చు. అయినా నివేదికలను సొంతంగా రాసే ప్రోగ్రామర్లు అనేకులు అలంకరణ సౌలభ్యం కోసం డివ్ అనే ఉత్త పెట్టెకు రంగు వేసి, మౌస్ క్లిక్‌కు స్పందించేలా కట్టి, బటన్‌లా చూపిస్తుంటారు. అది ట్యాబ్‌కు అందదు, ఎంటర్‌కు కదలదు, స్క్రీన్ రీడర్‌కు బటన్‌గా తెలియదు. అలాంటి లోపాలు పూడ్చడానికి ఏరియా అనే అదనపు గుర్తుల పద్ధతి 2014 నుంచి ప్రమాణంగా ఉన్నా, అసలు బటన్ ట్యాగ్ వాడగలిగినచోట దాన్నే వాడాలన్నది ఆ పద్ధతి తాలూకు మొదటి సూత్రం.

మౌస్ లేకుండా మీటలతో తిరిగేటప్పుడు ప్రస్తుతం ఏ వస్తువు మీద ఉన్నామో దాన్ని ఫోకస్ అంటారు, ఒక వస్తువు నుంచి మరొక వస్తువుకు ఫోకస్ జరిగే వరుసను ట్యాబ్ క్రమం అంటారు. పవర్ బీఐలో సెలెక్షన్ అనే భాగంలో ఈ క్రమాన్ని కళ్లారా చూసి మార్చుకోవచ్చు, అలంకారం కోసం పెట్టిన గీతలను, నేపథ్యపు పెట్టెలను ఆ క్రమం నుంచి తీసివేయవచ్చు. ఎవరూ సరిచేయని నివేదికలో శీర్షిక తర్వాత చివరి చార్టు, దాని తర్వాత పైనున్న బటన్, మధ్యలో అర్థంలేని గీతలు వరుసకడితే, వినేవారికి పుటలు కలగలిసిన పుస్తకం చేతికి వచ్చినట్టవుతుంది. జిల్లాకొక బటన్ చొప్పున 33 బటన్లు పేర్చినప్పుడు చార్టును చేరడానికి 33 సార్లు ట్యాబ్ నొక్కవలసి వస్తుంది. వాటికి బదులు ఒకే ఎంపిక జాబితా పెడితే ఒక్క ట్యాబ్‌తో దాటిపోవచ్చు.

ఎక్సెల్ నివేదికల్లో ఈ చిక్కు మరో రూపంలో ఎదురవుతుంది. గడుల మీద గీసిన బొమ్మకు మాక్రోను, అంటే వరుస పనులను ఒకేసారి చేసే చిన్న ప్రోగ్రామును తగిలించి బటన్‌లా వాడటం పరిపాటి. గడి నుంచి గడికి బాణం మీటలతో నడిచే అంధ ఉద్యోగి దారిలో గడుల మీద తేలే ఆ బొమ్మ తగలదు. అదే మాక్రోకు మీటల కలయిక ఒకటి కేటాయించి ఆ సంగతిని మొదటి గడిలోనే రాసిపెట్టడం, పేజీలు మారడానికి గడిలోనే లింకు పెట్టడం దీనికి సులువైన విరుగుడు.

నొక్కాక ఏమైంది

పేరు, పాత్ర, వరుస మామూలు వెబ్ పేజీలకూ వర్తించేవే. డేటా నివేదికకు ప్రత్యేకమైన కష్టం నొక్కిన తర్వాతే మొదలవుతుంది. "యాసంగి" బటన్ నొక్కగానే కుడివైపు చార్టులో కడ్డీలు మారి, పైన ఉన్న మొత్తం కూడా మారినా, ఫోకస్ మాత్రం బటన్ మీదే ఉంటుంది. స్క్రీన్ రీడర్ ఫోకస్ ఉన్నచోటినే చదువుతుంది కాబట్టి ఏ మాటా వినబడదు. పని జరిగిందా, బటన్ చెడిపోయిందా అన్న అనుమానంతో మళ్లీ నొక్కితే ఎంపిక రద్దయి, తెలియకుండానే పాత అంకెలు తిరిగి వస్తాయి. తప్పు అంకెలను సరైనవని నమ్మి పైఅధికారికి పంపే ప్రమాదం ఈ మౌనంలోనే ఉంది.

ప్రోగ్రామింగ్‌తో తయారైన నివేదికల్లో దీనికి లైవ్ రీజియన్ అనే ఏర్పాటు ఉంది. పేజీలో ఒక చిన్న భాగాన్ని అలా గుర్తుపెడితే, అందులో మాట మారినప్పుడు ఫోకస్ కదలకుండానే స్క్రీన్ రీడర్ ఆ మాటను వినిపిస్తుంది. "యాసంగి ఎంపికైంది, 33 జిల్లాలు" అన్నంత చిన్న వాక్యం చాలు. చార్టులోని ప్రతి అంకెనూ చదివిస్తే అది సాయం పోయి సొద అవుతుంది. ఇలాంటి సందేశాన్ని అప్పటికే వినబడుతున్న మాట పూర్తయ్యాకే చెప్పేలా మర్యాద స్థాయిలో పెట్టాలి, మధ్యలో అడ్డుపడే అత్యవసర స్థాయిని నిజమైన లోపాలకే దాచుకోవాలి.

రెడీమేడ్ ఉపకరణాల్లో నివేదిక రాసేవారు చేయగలిగినవి మరో రెండు ఉన్నాయి. చార్టు శీర్షికను స్థిరమైన మాటగా కాక ఎంపికను బట్టి మారే సూత్రంగా రాస్తే, ఫోకస్ చార్టును చేరగానే "వరి దిగుబడి, యాసంగి, నల్లగొండ" అని ప్రస్తుత స్థితి వినబడుతుంది. పవర్ బీఐలో ఆల్ట్ టెక్స్ట్‌ను సైతం ఇలాగే సూత్రంతో నింపవచ్చు. బటన్ దేన్ని మారుస్తుందో ఆ చార్టును ట్యాబ్ క్రమంలో బటన్ వెంటనే ఉంచితే, నొక్కిన తర్వాత ఒక్క ట్యాబ్‌తో ఫలితం అందుతుంది. చార్టు దగ్గర ఆల్ట్, షిఫ్ట్, ఎఫ్11 మీటలు కలిపి నొక్కితే దాని అంకెలు పట్టికగా తెరుచుకునే సౌకర్యం పవర్ బీఐలో ఇప్పటికే ఉంది. ఆ సంగతి నివేదిక మొదట్లో ఒక వాక్యంలో రాస్తే, పట్టిక కోసం ప్రత్యేకంగా బటన్ పెట్టవలసిన అవసరం కొన్నిచోట్ల తప్పుతుంది.

స్థితి తెలిపే మాట

నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్ అయ్యే బటన్లలో తరచూ కనిపించే గందరగోళం ఒకటుంది. పేరును, స్థితిని రెండింటినీ ఒకేసారి మార్చడం వల్ల "పట్టిక దాచు, నొక్కి ఉంది" అని వినబడితే, పట్టిక ఇప్పుడు కనబడుతోందా, దాగి ఉందా అన్నది తేలదు. పేరును "పట్టిక" అని స్థిరంగా ఉంచి స్థితిని మార్చడం గాని, స్థితిని వదిలి పేరును "పట్టిక చూపు", "చార్టు చూపు" అని మార్చడం గాని, ఏదో ఒక పద్ధతినే పాటించాలి. బుక్‌మార్క్‌లు, అంటే నివేదిక తాలూకు దాచిపెట్టిన స్థితులు వాడేచోట, ఒకదాని మీద ఒకటి రెండు బటన్లు పెట్టి నొక్కినదాన్ని మాయం చేయడం వాడుక. నొక్కిన బటనే మాయమైతే ఫోకస్‌కు నిలిచే చోటుండదు. అది పేజీ మొదటికి వెళ్లిపోతే వినేవారు మళ్లీ దారి వెతుక్కోవాలి. రెండు స్థితులకూ రెండు బటన్లు ఎప్పుడూ నిలిచి ఉండి, ఎంపికైనది ఏదో చెప్పే ఏర్పాటు ఇంతకంటే నయం.

పనిచేయని స్థితిలో ఉన్న బటన్ సంగతి కూడా చెప్పుకోవాలి. ఒక జిల్లాను ఎంచుకున్న తర్వాతే వివరాల పేజీకి వెళ్లనిచ్చే బటన్ అంతదాకా మసకగా ఉంటుంది. మసకను చూసి కన్ను కారణం ఊహిస్తుంది గాని, చెవికి ఆ కారణాన్ని కూడా చెప్పాలి: "వివరాల పేజీ, అందుబాటులో లేదు, ముందుగా ఒక జిల్లాను ఎంచుకోండి". ఇలాంటి వివరణను మౌస్ ఆనించినప్పుడు మాత్రమే తేలే టూల్‌టిప్‌లో దాస్తే మౌస్ వాడనివారికి అది ఎప్పటికీ అందకపోవచ్చు.

చూపు పూర్తిగా లేనివారికే కాక, చూపు తగ్గినవారికీ, చేయి వణికేవారికీ ఉపయోగపడే కొలతలు కూడా ఇదే మార్గదర్శకాల్లో ఉన్నాయి. మామూలు సైజు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య రంగు తేడా కనీసం 4.5:1, బటన్‌ను గుర్తించడానికి అవసరమైన అంచులకూ గుర్తులకూ 3:1 ఉండాలి. 2023 నాటి కూర్పు బటన్ పరిమాణం కొన్ని మినహాయింపులతో 24 పిక్సెళ్ల వెడల్పు, 24 పిక్సెళ్ల ఎత్తుకు తగ్గరాదని చెబుతుంది.

తెలుగు పేర్లు, తెలుగు గొంతు

తెలుగులో పేర్లు రాసిన నివేదికకు మరో మెట్టు ఉంది. స్క్రీన్ రీడర్‌లో మాటను పలికేది స్పీచ్ సింథసైజర్ అనే భాగం. ఎన్‌వీడీఏతో కలిసివచ్చే ఈస్పీక్‌లో తెలుగు గొంతు ఉంది, కాని పేజీ భాష ఇంగ్లీషు అని నమోదై ఉంటే ఇంగ్లీషు గొంతే తెలుగు అక్షరాలను పలకబోయి తడబడవచ్చు, వాటిని వదిలేయనూవచ్చు. వెబ్ పేజీలో తెలుగు భాగానికి "టీఈ" అనే రెండక్షరాల భాషా సంకేతం పెడితే గొంతు మారడానికి వీలవుతుంది. తెలుగు మాటను ఇంగ్లీషు లిపిలో రాసి పెట్టినా, తెలుగు అక్షరాలను యూనికోడ్‌లో కాక పాత ఫాంట్లలో టైపు చేసినా, బొమ్మగా అతికించినా ఈ ఏర్పాటంతా వృథా అవుతుంది.

చట్టం, పరీక్ష

2016 చట్టం సమాచార సాంకేతిక రంగంలో అందుబాటును ప్రభుత్వాల బాధ్యతగా చేసింది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009 నుంచి జీఐజీడబ్ల్యూ అనే మార్గదర్శకాలు ఉన్నాయి, 2023లో వాటి మూడో కూర్పు వచ్చింది. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 17802 పేరుతో 2021, 2022 సంవత్సరాల్లో రెండు భాగాలుగా ప్రమాణాన్ని ప్రకటించింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది. ప్రజాధనంతో తయారయ్యే డ్యాష్‌బోర్డులను ఈ నేపథ్యంలో చూసినప్పుడు బటన్‌కు పేరు పెట్టడం దయ చూపడం కాదు, విధి నిర్వహణ.

ఆ విధి నెరవేరిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. మౌస్‌ను పక్కన పెట్టి ట్యాబ్, ఎంటర్, స్పేస్ మీటలతో నివేదికనంతా ఒకసారి తిరిగి రావడం మొదటి పరీక్ష. ఎన్‌వీడీఏ దించుకుని, తెరను ఆపివేసి, "యాసంగిలో నల్లగొండ దిగుబడి ఎంత" వంటి ఒక ప్రశ్నకు జవాబు రాబట్టడం రెండోది. తయారుచేసినవారికి ఏది ఎక్కడుందో ముందే తెలుసు కాబట్టి, రోజూ స్క్రీన్ రీడర్‌తో పనిచేసే ఉద్యోగి చేత చేయించే మూడో పరీక్షకు మొదటి రెండూ ప్రత్యామ్నాయం కావు.

ఈ పరీక్షల్లో బటన్ల జాబితా ఒక్కటే చాలా సంగతులు బయటపెడుతుంది. పేజీలోని చార్టులు, రంగులు, అమరిక అన్నీ పక్కకు పోయి పేర్లు మాత్రమే ఒకదాని కింద ఒకటి నిలిచినప్పుడు, ఆ నివేదికను ఏయే ప్రశ్నలు అడగవచ్చో వాటిలోనే తెలియాలి. తెలియకపోతే లోపం వినేవారి చెవిలో లేదు. ఏ ప్రశ్నకు ఏ బటన్ అన్నది నివేదిక రాసినవారే ఇంకా తేల్చుకోలేదని అర్థం.